ఇంట్లో కూర్చుని చదివే పెద్ద చదువు



ఈ మధ్య మన ఇళ్ళలో ఒక కొత్త చదువు పేరు వినబడుతోంది. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. నోరు తిరగని ఈ మాట చాలా ఇళ్ళకు అమెరికా నుంచి వచ్చే ఫోనులోనే చేరుతుంది. "అమ్మా, నేను ఆన్‌లైన్లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను" అంటుంది అమ్మాయి. "ఆన్‌లైనే కదా, ఇంట్లో కూర్చుని చదివేదే కదా, చదువుకోమ్మా" అంటాం మనం. ఆ 'ఇంట్లో కూర్చుని' అన్న మాట గురించే ఈవేళ మీతో కాసేపు ముచ్చటించాలని నా ఉద్దేశం.

పదో తరగతితో చదువు ఆపినదానికి ఈ విషయం ఎందుకమ్మా అని మీరు అడగవచ్చు. మా ఆడపడుచు కూతురు డాలస్‌లో ఉంటూ ఈ చదువు చదువుతోంది. అర్థం కాని ప్రతి మాటా దాన్ని అడిగి, నాకు తెలిసే భాషలో చెప్పించుకున్నాను. అలా చెప్పించుకున్నవీ, విచారించి తెలుసుకున్నవీ మీ ముందు పెడుతున్నాను.

ముందు ఈ చదువు వైపు ఎవరు వెళ్తున్నారో చూడండి. ఇక్కడ బి.డి.ఎస్. చదివినవాళ్ళు, బి.ఫార్మసీ వాళ్ళు, ఫిజియోథెరపీ, హోమియో చదివినవాళ్ళు. పెళ్ళయి, భర్త ఉద్యోగం వెంట అక్కడికి వెళ్తారు. మన పళ్ళ డాక్టరు పట్టా చేతిలో ఉన్నా అక్కడ ఒక్క పన్ను పీకడానికి వీల్లేదు. పరీక్ష రాయాలి, సాధారణంగా అక్కడి దంతవైద్య కళాశాలలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి, ఆపైన ఆ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. ఫీజే లక్ష డాలర్లు దాటిపోతుంది. చంటిపిల్లతో, ఒక్క జీతంతో అది ఎంతమందికి కుదురుతుంది? అయిదేళ్ళు కష్టపడి చదివిన వైద్యం బీరువాలో పట్టాగా మిగిలిపోతుంటే, దాన్ని ఏదో ఒక రూపంలో పనికి తెచ్చుకుందామని వీళ్ళు ఈ దారి పడుతున్నారు. మా అమ్మాయి సంగతీ అంతే.

ఇంతకీ ఈ చదువేమిటి? మీ ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో అత్తగారి ఎక్స్‌రేలు, మామగారి ఇ.సి.జి., పిల్లల టీకాల కార్డులు, మూడేళ్ళ కిందటి రక్తపరీక్షలు. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడల్లా ఆ కవరు మోసుకువెళ్తాం. ఆయన అందులో నాలుగు కాగితాలు చూస్తారు, మిగతావి మనం నోటితో చెబుతాం. ఫలానా ఇంజెక్షను పడదని చెప్పడం మరిచిపోయామా, ప్రాణం మీదికి రావచ్చు. ఆ కవరులో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించడం ఒక పని. ఎక్కించినదాన్ని ఒక ఆస్పత్రి కంప్యూటరు రాస్తే మరో ఆస్పత్రి కంప్యూటరు చదివి అర్థం చేసుకునేలా చేయడం అసలు పని. ఆ రెండో పని నేర్పేదే ఈ శాస్త్రం.

ఇందులో కష్టమేముంది అంటారా? ఒక లాబులో 'రాండమ్ బ్లడ్ షుగర్' అని రాస్తారు. ఇంకో లాబులో 'ఆర్.బి.ఎస్.' అంటారు. మరోచోట 'గ్లూకోజ్' అని ఊరుకుంటారు. మనకు మూడూ చక్కెర పరీక్షే అని తెలుసు. కంప్యూటరుకు తెలియదు, వాటిని మూడు వేరు వేరు పరీక్షలనుకుంటుంది. అందుకని ప్రపంచమంతా ఒప్పుకునే గుర్తులు కావాలి. లాబు పరీక్షలకు ఒక్కో సంఖ్య ఇచ్చే 'లాయింక్' అనే పట్టికను 1994లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ వారు మొదలుపెట్టారు. జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పట్టిక వేరే ఉంది. దాని పదో కూర్పులో మనకు బాగా పరిచయమైన టైప్ 2 మధుమేహానికి గుర్తు ఇ11. 

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. హైదరాబాదు అమీర్‌పేటలో నేర్పే మెడికల్ కోడింగ్, ఇదీ ఒకటే అనుకుంటారు. కోడింగ్ చేసేవారు డాక్టరు రాసినదాన్ని చదివి సరైన గుర్తు వేస్తారు. అదీ బుద్ధితో చేసే పనే, తక్కువ చేసి చెప్పడం లేదు. ఈ పై చదువులో మాత్రం ఆ ఫైలు ఎలా ఉండాలి, ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు, తప్పు మందు రాస్తే కంప్యూటరు ఎప్పుడు హెచ్చరించాలి అనే ప్రశ్నలు ఉంటాయి. హెచ్చరిక సంగతి మా అమ్మాయి చెబితే నాకు భలే నచ్చింది. చిన్నదానికీ పెద్దదానికీ కంప్యూటరు హెచ్చరిస్తూ ఉంటే డాక్టర్లు చదవడం మానేసి, అన్నీ నొక్కేసి ముందుకు పోతారట. "పక్కింటి కుక్కరు కూతలాగా అన్నమాట, ఎన్ని కూసినా మనం లేవం" అన్నాను. "అత్తయ్యా, మా ప్రొఫెసరు అరగంట చెప్పింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పేశావు" అని నవ్వింది.

అమెరికాలో 2009లో హైటెక్ చట్టం అని ఒకటి వచ్చింది. కాగితం ఫైళ్ళు మాని కంప్యూటరు ఫైళ్ళు పెట్టుకున్న డాక్టర్లకూ ఆస్పత్రులకూ ప్రభుత్వమే డబ్బు ఇచ్చింది. దాంతో ఈ చదువు చదివినవారి అవసరం పెరిగింది. మన దగ్గర మాత్రం ఇది లేదనుకోకండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పేదవాడి ఆపరేషనుకు అనుమతి కంప్యూటరు మీదనే నడిచింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో మనిషికో 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. మీలో కొందరి దగ్గర ఆ కార్డు ఉండే ఉంటుంది. మన ప్లాస్టిక్ కవరుకు బదులు వచ్చిన ఏర్పాటు అదే.

సరే, ఇప్పుడు 'ఇంట్లో కూర్చుని' అన్న మాటకు వద్దాం. ఈ శాస్త్రాన్ని దూరం నుంచి నేర్పడం నిన్న మొన్నటిది కాదు. ఓరెగన్ రాష్ట్రంలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1999లోనే ఇంటర్నెట్ ద్వారా పాఠాలు చెప్పడం ప్రారంభించింది. అక్కడి విలియం హెర్ష్ అనే డాక్టరుగారు 2005లో, పదివేలమంది వైద్యరంగం వారికి 2010లోగా ఈ విద్య అందించాలని ఒక కార్యక్రమమే నడిపారు. చదివేవారు అప్పటికే ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉన్నవారు కనుక ఈ పద్ధతి వారికి అనువుగా కుదిరింది.

కుదిరింది అంటే తేలిక అని కాదు. లెక్క చూడండి. అక్కడి ప్రభుత్వం లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు, సుమారు 15 వారాలపాటు. ఒక్కో సబ్జెక్టు సాధారణంగా మూడు క్రెడిట్లు. అంటే ఒక్క సబ్జెక్టుకు వారానికి తొమ్మిది గంటలు. రెండు తీసుకుంటే పద్ధెనిమిది. కొన్నిచోట్ల అదే సబ్జెక్టును ఎనిమిది వారాల్లో ముగిస్తారు. "త్వరగా అయిపోతుంది" అని అమ్మాయిలు ఆశపడతారు కానీ అప్పుడు ఒక్కదానికే వారానికి దాదాపు పదిహేడు గంటలు కావాలి. మొత్తం డిగ్రీకి ముప్ఫై నుంచి నలభై క్రెడిట్ల దాకా ఉంటాయి.

ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? కాలేజీకి వెళ్ళే పిల్ల సంచీ తగిలించుకుని గడప దాటితే, చదువుకుంటోందని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న ఇల్లాలు ఎవరి కంటికీ చదువుతున్నట్టు కనిపించదు. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా, కొంచెం పాలు పొయ్యి మీద పెట్టు." "ఇంట్లోనే ఉన్నావుగా, ప్లంబరు వస్తాడు, తలుపు తియ్యి." మా అమ్మాయి అత్తగారు ఆరునెలలు ఉండి రావడానికి వెళ్ళింది. మంచి మనిషే, దానిచేత పనులు చేయించుకుందామని వెళ్ళినది కాదు. అయినా కోడలు తలుపు వేసుకుని కూర్చుంటే ఆవిడకు చిన్నతనంగా తోచింది. "మనుషులతో మాట్లాడకుండా ఆ డబ్బాతో ఏం మాటలు?" అని కొడుకుతో అన్నదట. ఆవిడకు చదువంటే పుస్తకం, పంతులు, బడి. ఇవేవీ లేని చదువు ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఇంకొక చిక్కు ఇక్కడి వాళ్ళ ఊహకు అందదు. అక్కడ మన పండుగలు, సత్యనారాయణ వ్రతాలు, పిల్లల పుట్టినరోజులు అన్నీ శని, ఆదివారాలకే జరుపుతారు. ఉగాది బుధవారం వచ్చినా వేడుక శనివారమే. చాలా సబ్జెక్టుల్లో వారం పని అప్పగించవలసిన గడువు ఆదివారం అర్ధరాత్రి. వారమంతా పిల్లతో సరిపోతుంది, శనివారం పదిమందికి వంట, ఆదివారం మరొకరింట భోజనం. రాత్రి పదింటికి ఇల్లు చేరి, చీర కూడా మార్చుకోకుండా కూర్చుని రాసేది. మొదటి సెమిస్టరు అంతా అలాగే గడిచింది. రెండోసారి ఫీజు కట్టేముందు మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకున్నారు. శనివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పిల్ల పూచీ అతనిది. ఆ నాలుగు గంటలూ ఇది ఊళ్ళోని పబ్లిక్ లైబ్రరీకి పోతుంది. అక్కడ చదువుకోవడానికి గదులు ఉచితంగా ఇస్తారు. చిత్రం చూడండి, ఇంట్లో కూర్చుని చదివే చదువును ఇల్లు దాటితేనే చదవగలిగింది. గడప దాటి వెళ్తుంటే అత్తగారు తానే "ఎన్నింటికి వస్తావమ్మా, అన్నం పెట్టనా" అని అడగడం మొదలుపెట్టింది. నా మటుకు నాకు, ఫీజుకు ఒప్పుకున్న భర్తకన్నా ఆ నాలుగు గంటలకు ఒప్పుకున్న భర్తే గొప్పవాడనిపిస్తుంది.

డబ్బు కట్టేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అక్కడ ఆరోగ్య సమాచార చదువులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంఘం 'కాహీమ్' అని ఉంది. విశ్వవిద్యాలయానికి ఎటూ గుర్తింపు ఉండాలి, ఈ చదువుకు కాహీమ్ గుర్తింపు కూడా ఉందేమో అడగాలి. ఒక చోటికీ మరొక చోటికీ ఫీజు రెండు మూడు రెట్లు తేడా ఉంటుంది, పేరు చూసి తొందరపడనక్కరలేదు. ముఖ్యమైనది వీసా. భర్త మీద ఆధారపడిన హెచ్-4 వీసాతో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయడానికి మాత్రం విడిగా అనుమతి కావాలి. 2015లో వచ్చిన నిబంధన ఆ అనుమతిని ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డు పిటిషను మంజూరై ఉన్నవారికి ఇచ్చింది. ఇటువంటివి మారుతూ ఉంటాయి కనుక ఆనాటికి ఏముందో చూసుకోవాలి. పూర్తిగా ఆన్‌లైన్ చదువు మీద ఎఫ్-1 విద్యార్థి వీసా రాదు, చదువు ముగిశాక ఆ విద్యార్థులకు దొరికే పని అనుమతీ రాదు. డిగ్రీ చేతికి వచ్చాక "ఇప్పుడు ఉద్యోగం చేయకూడదట" అని ఏడ్చేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

మన దేశంలో ఉండి ఇటువంటిది చదవాలనుకునే అమ్మాయిలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆరోగ్య అనుబంధ వృత్తుల మీద 2021లో ఒక చట్టం వచ్చింది. దాని జాబితాలో ఆరోగ్య సమాచార వృత్తులవారి పేరూ ఉంది. ఆ చట్టం కిందకు వచ్చే కోర్సులను 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి ఆన్‌లైన్లోగానీ దూరవిద్యలోగానీ నడపరాదని యు.జి.సి. ఉత్తర్వు ఇచ్చింది. ఫోను చేసి "మేడం, ఈవేళే సీటు" అని తొందరపెట్టేవారిని, మీ కోర్సుకు ఈ ఉత్తర్వు వర్తిస్తుందా లేదా, కాగితం మీద రాసి ఇవ్వండి అని అడగండి.

అమ్మలుగా మనం చేయగలిగిన పని కూడా ఉంది. అక్కడ చేరడానికి ఇక్కడి మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక అత్తవారి ఇంటిపేరు చేరుతుంది. మూడు పేర్లూ ఒక్క మనిషివే అని అక్కడి వాళ్ళకు రుజువు చూపాలి. ఆడపిల్లను విమానం ఎక్కించేముందు ఊరగాయలతో పాటు ఈ కాగితాలు కూడా సరిచూసి, నకళ్ళు తీసి ఒక ఫైలులో పెట్టండి.

మరొకటి ఫోను. మనకు సోమవారం ఉదయం ఆయన ఆఫీసుకు వెళ్ళాక, పూజ ముగించుకుని తీరిక దొరుకుతుంది. వేసవి రోజుల్లో మన తొమ్మిది గంటలంటే డాలస్‌లో ఆదివారం రాత్రి పదిన్నర. సరిగ్గా పిల్ల గడువుతో కుస్తీ పడుతున్న వేళ. మా ఆడపడుచుకు ఆ సంగతి తెలిశాక ఫోను మంగళవారానికి మార్చుకుంది. సోమవారం ఆ సమయంలో ఇప్పుడు నాకు చేస్తోంది.