ఇంటిల్లిపాదికీ ఒకే వంట
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నవంబర్ 14 అనగానే మనకు గుర్తొచ్చేది బాలల దినోత్సవం, ప్రార్థన అయ్యాక పంచిన చాక్లెట్లు. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా అని మా ఇంట్లోకి షుగర్ వచ్చాకే తెలిసింది. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. మన వయసు వాళ్ళ ఇళ్ళలో మందుల డబ్బా లేని ఇల్లు అరుదే కదా!

నేను డాక్టర్‌ను కాను, గృహిణిని. నేను చేసిన తప్పు, దిద్దుకున్న తీరు రెండూ చెప్తాను.

మావారికి షుగర్ అని తేలిన రోజు నుంచి ఆయనకు వేరే వంట మొదలుపెట్టాను. మాకు అన్నం, పప్పు, వేపుడు. ఆయనకు రెండు ఎండు చపాతీలు, ఉప్పూకారం లేని సొరకాయ. ఆయన ఏమీ అనేవారు కాదు. ఒకనాటి రాత్రి వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. లైటు వేయకుండా, నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకొని తింటున్నారు. నన్ను చూసి దొంగలా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ ముఖం నేను మర్చిపోలేదు.

అప్పుడైనా ఆలోచించానా? లేదు. కోపంతో రాత్రి అన్నం పూర్తిగా మాన్పించాను. మాత్రలు మాత్రం అలాగే వేశాను. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతుల వణుకు. మీటర్‌లో 58. నీళ్ళలో చక్కెర కలిపి తాగిస్తే పావుగంటకు తేరుకున్నారు. డాక్టర్ గట్టిగానే మందలించారు: "తిండి మార్చేముందు నాకు చెప్పాలమ్మా, మందు మోతాదు కూడా చూసుకోవాలి" అని. మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకోండి.

ఆ తర్వాతే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మన పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి మీద పరిశోధనతో మొదలైంది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారంగా బతికేవారిని పీడించిన జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చింది. దాని గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయామో! వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములలోపే, జొన్నల్లో పది గ్రాములు. మన అమ్మమ్మలు చేసిన జొన్నరొట్టె, గట్క ఊరికే పోలేదన్నమాట. అయితే జొన్నల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. జొన్నరొట్టె కదా అని నాలుగు తింటే లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకే వంట. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు వంతులో ఒక చిన్న కప్పు అన్నమో, ఒక జొన్నరొట్టో. ముందు కూర, పప్పు తిని, అన్నం చివర్లో తింటాం. అలా తింటే చక్కెర ఒక్కసారిగా పైకి ఎగబాకదు.

రుచి అన్నంలో లేదు, మన పులుపులో, పోపులో ఉంది. పుంటికూర పప్పులో వెల్లుల్లి తాలింపు, బీరకాయ కూరలో వేయించిన నువ్వుల పొడి, పాలకూరలో పెసరపప్పు, చింతచిగురు దొరికే రోజుల్లో చింతచిగురు. పచ్చిపులుసులో చింతపండు కొద్దిగా, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర వేస్తే చాలు, బెల్లం అక్కరలేదు. బెల్లమైనా తేనె అయినా ఒంట్లోకి వెళ్ళాక చక్కెరే. పండు పండుగానే తినాలి, రసం తీసి తాగకూడదు. మామిడి పండు వద్దనను, రెండు ముక్కలతో ఆగాలి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటకూడదు. అందులో తొక్కు, పాపడ్‌లలో ఉన్నదీ లెక్కే.

ఆరు నెలల తర్వాత, మందులతో పాటు ఈ తిండితో, మావారి మూడు నెలల సగటు పరీక్ష తొమ్మిది దాటినది ఏడుకు వచ్చింది. నాకు అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటి. ఆయన మళ్ళీ మా పక్కనే కూర్చొని, లైటు వెలుగులో, అందరూ తినేదే తింటున్నారు.

చివరిగా ఒక మనవి. కాసేపట్లో అందరం భోజనాలకు కూర్చుంటాం. పక్కన షుగర్ ఉన్న మిత్రుడుంటే "ఒక్క జిలేబీకి ఏమవుతుందిరా" అని బలవంతం చేయకండి. "నువ్వు తినకూడదు" అని నలుగురిలో కంచం లాక్కోనూ వద్దు. కూర గిన్నె ఆయన వైపు జరపండి, చాలు.

సెలవు.