పాస్‌పోర్టు మారింది, పాసుపుస్తకం మాటేమిటి?

(రైతు సంఘం జిల్లా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న మన పిల్లలకు ఇక్కడి పొలాల మీద హక్కులేమిటన్నది ఈ పూట మాకు అప్పగించిన అంశం. గిట్టుబాటు ధర లేక, కాలువ చివరి భూములకు నీళ్లందక మనం అల్లాడుతుంటే అమెరికా వాళ్ల గొడవ మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. మా కృష్ణా డెల్టా ఊళ్లలో ఏ బజారుకు వెళ్లినా తాళం వేసిన ఇళ్లు నాలుగైదు కనిపిస్తాయి. ఆ ఇళ్ల తాలూకు పొలాలకు మాత్రం తాళాలు లేవు. ఎవరో ఒకరు దున్నుతూనే ఉన్నారు. అలా దున్నేవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఇది మన గొడవే.

ముందు మా ఇంటి సంగతి చెబుతాం. మా అబ్బాయి చదువుకని అమెరికా వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరాడు. కొన్నేళ్ల కిందట అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. పోయిన సంక్రాంతికి పిల్లలతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా గట్టు పక్క ఎకరం బేరానికి వచ్చింది. ‘నాన్నా, నేను డబ్బిస్తాను, నా పేరున రాయించు’ అన్నాడు. దస్తావేజు రాసే ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన అన్నీ విని, ‘బాబుది ఏ పాస్‌పోర్టు?’ అని ఒక్క మాట అడిగాడు. చెప్పాం. ‘అయితే కుదరదండీ’ అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మావాడు అడిగాడు: ‘పుట్టిన ఊళ్లో ఎకరం కొనుక్కోవడానికి నేను పరాయివాణ్ని ఎలా అయ్యాను?’ ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిన వకీళ్లను అడిగాం, చట్టాలు చదివించుకున్నాం. తెలిసింది మీ ముందు పెడుతున్నాం.

మన దేశంలో రెండు పౌరసత్వాలు లేవు. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నాయి. ఇష్టపడి మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది. అమెరికా ప్రభుత్వం రెండు పౌరసత్వాలున్నా పట్టించుకోదు. మన ప్రభుత్వం ఒప్పుకోదు. దానికి బదులుగా ఓసిఐ కార్డు పెట్టారు. మొదటి కార్డులు 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఇచ్చారు. దాని పేరులో ‘పౌరులు’ అన్న మాట ఉంది గానీ అది పౌరసత్వం కాదు. జీవితాంతం పనిచేసే వీసా అనుకోండి. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు, సర్కారు కొలువు లేదు. 2019 సవరణ తర్వాత, కేంద్రం ప్రకటించిన చట్టాల్లో దేన్నయినా అతిక్రమిస్తే కార్డే రద్దు చేయవచ్చు.

ఇక భూమి సంగతి. దీన్ని నడిపేది విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, దాని కింద వచ్చిన 2019 నిబంధనలు. ఓసిఐ కార్డున్న వ్యక్తి విజయవాడలో అపార్ట్‌మెంటు కొనవచ్చు, షాపు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. బహుమతిగా పుచ్చుకోకూడదు కూడా. కానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇక్కడ ఉన్న రోజుల్లో, మన పౌరుడిగా కొనుక్కున్నదీ ఉంచుకోవచ్చు. ఆ పొలం అమ్మదలిస్తే మాత్రం ఇక్కడ నివాసమున్నవాళ్లకే అమ్మాలి, మరో ప్రవాసికి అమ్మకూడదు.

మన ఇళ్లలో ఇది ఎక్కడ తగులుతుందో చూడండి. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో ఇవ్వడం మన ఆచారం. పెళ్లినాడు నోటిమాటగా ఇచ్చి, కాగితం తర్వాత చూసుకుందాం అంటాం. ఈలోగా అమ్మాయి అక్కడి పౌరురాలు అవుతుంది. అప్పుడు తండ్రి దఖలు దస్తావేజు రాస్తే అది బహుమతి కిందికి వస్తుంది, కుదరదు. అదే తండ్రి వీలునామా రాస్తే ఆయన తదనంతరం ఆ అమ్మాయికి నిక్షేపంగా చెందుతుంది. పొలం అదే, తండ్రీ కూతుళ్లూ వాళ్లే, కాగితం ఒక్కటే వేరు. రిజిస్ట్రారు ఆఫీసులో అడగలేదు కదా, రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ధైర్యపడకండి. తర్వాత బయటపడితే ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది.

ఇంకో మాట. పౌరసత్వం మారినంత మాత్రాన వారసత్వం పోదు. ‘నువ్వు అమెరికా దానివైపోయావు, నీకిక్కడ భాగం లేదు’ అని చెల్లెలి చేత సంతకం పెట్టించుకునే అన్నలు మన ఊళ్లలో ఉన్నారు. మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటా 2005లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టాలు వచ్చాయి. ఆ వాటాకు పాస్‌పోర్టుతో పని లేదు. రాజ్యాంగం 300ఏ అధికరణం చట్టప్రకారం తప్ప ఏ వ్యక్తి ఆస్తినీ తీసుకోకూడదంటుంది. అందులో ఉన్న మాట ‘వ్యక్తి’, ‘పౌరుడు’ కాదు. ఇది మన అన్నదమ్ములూ గుర్తుపెట్టుకోవాలి, అధికారులూ గుర్తుపెట్టుకోవాలి.

కొనే హక్కు లేదు కాబట్టి అడ్డదారులు పుట్టాయి. డబ్బు ఒకరిది, పేరు మరొకరిది. బావమరిది పేరున, పాలేరు పేరున కొంటున్నారు. పేరున్నవాడు చచ్చిపోతే అతని పిల్లలు మాదే అంటారు. కోర్టుకెళితే బినామీ చట్టం ఎదురొస్తుంది. 1988లో వచ్చిన ఆ చట్టాన్ని 2016లో బిగించారు. భూమి మొత్తం ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. మరికొందరు జనరల్ పవరాఫ్ అటార్నీ మీద కొనడం, అమ్మడం చేస్తున్నారు. పవరు రాసిచ్చినవాడు కన్నుమూస్తే దానితోపాటే ఆ పవరూ పోతుంది. పవరు పత్రంతో భూమి మీద యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

మరి ఈ నిషేధం ఎత్తేయమని అడుగుదామా? మా ఇంట్లో మాకు లాభమే. అయినా అడగవద్దనే మేం అంటాం. ఎందుకో చెబుతాం.

మేం చేసే పొలంలో సార్వాకు ఎకరాకు ముప్పై బస్తాలు పండితే గొప్ప. ఆ పంట మీద వచ్చిన మిగులుతో ఎకరం కొనాలంటే మా తరం చాలదు, మా మనవడి తరమూ చాలదు. ఇప్పటికే రియల్ ఎస్టేట్ వల్ల పొలం ధరకూ పంట ధరకూ సంబంధం తెగిపోయింది. డాలర్లు తెచ్చి నేరుగా కొనే వీలు కల్పిస్తే దున్నేవాడికి సెంటు భూమి కూడా అందదు. ఇవాళ మన పిల్లల కోసమని తెరిచిన తలుపులోంచి రేపు ఎవరెవరు వస్తారో చెప్పలేం. అమెరికాలోనే అయోవా లాంటి రాష్ట్రాలు విదేశీయులు పంట భూములు కొనకుండా కట్టడి చేసుకున్నాయి.

అలాగని కట్టడులన్నీ మంచివేనని కాదు. కాలిఫోర్నియాలో 1913లో, మళ్లీ 1920లో చట్టాలు చేశారు. పౌరసత్వానికి అర్హత లేని ఆసియా వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదన్నారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు ఆ అర్హత లేదని తీర్పు చెప్పింది. అక్కడ చెమటోడ్చిన పంజాబీ రైతులు తెల్లవాళ్ల పేరున, అక్కడ పుట్టిన పిల్లల పేరున భూములు పెట్టుకుని బతికారు. 1946లో పౌరసత్వానికి దారి తెరుచుకుంది. 1952లో ఆ భూమి చట్టాన్ని అక్కడి కోర్టు కొట్టేసింది. బర్మాలో మనవాళ్లను ‘కోరంగీలు’ అనేవాళ్లు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక లక్షల మంది భారతీయులు అన్నీ వదులుకుని కట్టుబట్టలతో వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రోజుల గుర్తే. ఆ దేశాల్లో భూమిని చెమటోడ్చి దున్నినవాడికే హక్కు లేకుండా చేశారు, అదీ జాతిని చూసి. మనం కోరే కట్టడి దున్నేవాణ్ని కాపాడటానికి. ఈ తేడా మనం మరిచిపోకూడదు.

ఆ తేడాతో చూస్తే మన చట్టంలో రెండు తప్పులు కనిపిస్తాయి.

మొదటిది గల్ఫ్ కార్మికుడి విషయం. నిజామాబాద్, కరీంనగర్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి ఎడారికి పోయి పనిచేస్తున్న తమ్ముళ్లకు అక్కడ ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదు. వాళ్లు భారత పౌరులే. వాళ్ల కల ఒక్కటే, ఊళ్లో ఎకరం పొలం. కానీ ఈ చట్టం చూసేది మనిషి ఎక్కడ ఉంటున్నాడని. అందుకే విదేశంలో ఉన్నంతకాలం భారత పౌరుడైనా వ్యవసాయ భూమి తన పేరున కొనకూడదు. మన పౌరసత్వం వదులుకున్న మా అబ్బాయినీ, వదులుకోకుండా ఎండలో ఇటుకలు మోసే ఆ తమ్ముణ్నీ ఒకే గాటన కట్టారు. ఇది ఏం న్యాయం? అతను తిరిగొచ్చి దున్నేవాడు, ఇతను ఏటా సంక్రాంతికి వచ్చిపోయేవాడు.

రెండోది కౌలు రైతు విషయం. మేం సొంత పొలంతోపాటు ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాం. ఆసామి అక్కడి పౌరుడు, మంచివాడే, ఫోను చేస్తే పలుకుతాడు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డిస్తారు. దానితో పంట రుణం, బీమా, నష్టపరిహారం రావాలి. భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే రాసుంది. అయినా ఆసామి సంతకం లేనిదే కార్డు లేదు. మా ఆసామిని అడిగితే, ‘సంతకం పెడితే రేపు పొలం పోతుందని మా వకీలు అంటున్నాడు బాబాయ్’ అన్నాడు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. కంకుల మీదే మొలకలొచ్చాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పాసుపుస్తకం ఎవరిదని అడిగారు. జాబితాలో ఆసామి పేరు పడింది. పంట పోయింది మాది, అప్పు మాది, కౌలు బస్తాలు కట్టిందీ మేమే.

ఇక్కడ ఆలోచించండి. ఆసామికి పౌరసత్వం లేకున్నా పాసుపుస్తకం ఉంది. మాకు పౌరసత్వం ఉంది, ఓటు ఉంది, ఆధార్ ఉంది, పాసుపుస్తకం మాత్రం లేదు. సర్కారు లెక్కలో రైతు ఎవరు? సముద్రాల అవతల ఉన్న ఆయనా, మోకాలి లోతు బురదలో ఉన్న మేమా? సొంత ఊళ్లో పరాయివాణ్నయ్యానని మా అబ్బాయి బాధపడ్డాడు. ఆ బాధ నిజమే, కాదనం. కానీ ఊరు విడిచి ఎక్కడికీ పోని కౌలు రైతు రోజూ ఆ బాధ పడుతున్నాడు. ఈ మాటే మావాడికి ఫోనులో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే తాతగారి పొలం నా వాటాకు వచ్చినప్పుడు చేసేవాళ్లకు సంతకం పెడతాలే నాన్నా’ అన్నాడు. మాకు ఆ మాట చాలు.

అందుకని మన సంఘం తరఫున నాలుగు కోర్కెలు ఈ సదస్సు ముందు పెడుతున్నాం.

ఒకటి, వ్యవసాయ భూమి కొనుగోలు హక్కును విదేశీ పౌరులకు ఏ పేరుతోనూ ఇవ్వకూడదు.

రెండు, విదేశాల్లో పనిచేస్తున్న భారత పౌరుల్లో గల్ఫ్ కార్మికుల వంటి వారికి ఒక పరిమితి పెట్టి, తిరిగొచ్చి సాగు చేసుకోవడానికి పొలం కొనుక్కునే వీలివ్వాలి.

మూడు, వారసత్వంగా వచ్చిన భూమిని రికార్డుల్లో ఎక్కించడానికి ప్రవాస వారసుల చుట్టూ, వాళ్ల ముసలి తల్లిదండ్రుల చుట్టూ దళారులు తిరిగే పరిస్థితి పోవాలి. భారత కాన్సులేటులో ధ్రువీకరించిన కాగితాలు వస్తే ఇన్ని రోజుల్లో మ్యుటేషన్ చేయాలని గడువు పెట్టాలి. ఓసిఐ వాళ్లు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదన్నది ప్రతి రిజిస్ట్రారు ఆఫీసులో తెలుగులో బోర్డు కట్టాలి.

నాలుగు, సాగుదారు కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేకుండా, గ్రామసభలో విచారించి ఇవ్వాలి. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు, ఒక్క కాగితానికే తెలియదు.

ఇవి సాధించేదాకా ఎవరి ఇంట్లో వాళ్లం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు పరాయి పౌరసత్వం తీసుకునే ముందే కూర్చుని మాట్లాడుకోండి. పసుపు కుంకుమ భూమికి కాగితం ఇవాళే రాయించండి. ఆ దశ దాటిపోతే వీలునామా రాసి రిజిస్టరు చేయించండి. బినామీ పేర్ల జోలికి పోకండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఫోను చేసినప్పుడు, మన పొలం ఎవరు చేస్తున్నారో, అతనికి కార్డు ఉందో లేదో కూడా చెప్పండి. ఆసామి ఒక్క సంతకం పెడితే అతని సెంటు భూమి పోదు, ఇక్కడ ఒక కుటుంబం అప్పుల్లో మునగకుండా ఉంటుంది.

 సాయంత్రం చర్చలో మీ ఊళ్ల సంగతులు కూడా చెప్పండి. తీర్మానంలో అవీ చేరాలి.