మనసు నిమ్మళం: జ్ఞానం వల్లనా, విశ్వాసం వల్లనా?

1. ప్రశ్న

మనశ్శాంతికి తెలుగు పల్లెల్లో నెమ్మది, నిమ్మళం అన్న మాటలున్నాయి. జ్వరం దిగి లేచి కూర్చున్నవాణ్ణి నిమ్మళించాడంటారు. కష్టం కదిలించిన మనసు మళ్ళీ కుదుటపడటమే శాంతి అని ఆ వాడుకే చెబుతోంది. ఆ కుదురు దేనివల్ల వస్తుందన్న ప్రశ్నకు లోకంలో రెండు పెద్ద జవాబులున్నాయి. భయానికి మూలం తెలియకపోవడం కనుక తెలుసుకుంటే భయం పోతుందన్నది ఒకటి. తెలుసుకోవడానికి అంతు లేదు కనుక తనకన్నా పెద్దదైన దానిమీద భారం వేసినవాడికే నెమ్మది అన్నది రెండోది.

అనంతపురం మెట్టసీమలో ఈ చర్చ గ్రంథాలకే పరిమితం కాదు. ఉదాహరణకు గార్లదిన్నె మండలం అనంతపురానికి ఉత్తరాన, గుత్తికి పోయే దారిలో ఉంది. ఆ మండలంలోనే పెనకచెర్ల దగ్గర పెన్న మీద మిడ్ పెన్నార్ జలాశయం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు అక్కడికి చేరతాయి. కాలువ కింద చేనున్నవాడి బతుకు ఒకటి, ఆకాశం కింద చేనున్నవాడి బతుకు ఇంకొకటి. జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు కురవదు. ముంగారు పదునుకు విత్తిన శనక్కాయకు ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో బెట్ట తగిలితే, చెట్టు పచ్చగానే కనిపించినా పీకి చూస్తే తాలుకాయలే ఉంటాయి. 1876-78 నాటి ధాతు కరువును చూసిన నేల ఇది. రేపు ఏమవుతుందో తెలియని చోట మనసు దేన్ని పట్టుకుని నిలవాలన్నది ఇక్కడ ప్రతి ఇంటి ప్రశ్న.

2. బోరు పాయింటు దగ్గర

జ్ఞానం, విశ్వాసం ఒకే గజం నేలమీద ఎదురుపడే సందర్భం ఈ సీమలో బోరు వేయడం. ముందుగా పాయింటు చూడాలి. చూసేవాళ్ళు రెండు రకాలు. ఒకాయన అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేను పొడవునా నడుస్తాడు. కాయ నిటారుగా లేచిన చోట నీళ్ళున్నాయంటాడు. కొందరు వేప పంగలకర్ర పట్టుకుంటారు. రెండో రకం జియాలజిస్టు. ఆయన నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, భూమి దాన్ని ఎంతగా అడ్డుకుంటోందో మీటరులో చూసి, కింద రాతిలో పగుళ్ళు ఎక్కడ ఉండవచ్చో అంచనా వేస్తాడు. ఇద్దరినీ పిలిచే రైతులూ ఉన్నారు. రెండు పాయింట్లూ ఒకచోటే పడితే ధైర్యం. వేరువేరుగా పడితే ఆ రాత్రి ఇంట్లో వాదన.

తెల్లారి పాయింటు మీద పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, బోరు బండిని నిలబెడతారు. ఇంటిల్లిపాదీ గట్టుమీద కూర్చుని పైకొచ్చే రాతిపొడి రంగు చూస్తారు. పొడి తడిసి ముద్దగా వస్తే ఆశ. తెల్లటి దుమ్మే లేస్తుంటే ఇంకో యాభై అడుగులు పోనిద్దామా, ఇక ఆపేద్దామా అన్న గుంజాటన. అడుగడుక్కూ అప్పు పెరుగుతూ ఉంటుంది.

టెంకాయకు నీటిని కనిపెట్టే శక్తి ఉన్నట్టు శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. జియాలజిస్టు సర్వేకు ఆధారం ఉంది. అయితే ఈ గట్టిరాతి నేలల్లో నీళ్ళుండేది పగుళ్ళలోనే కనుక సర్వే కూడా అవకాశం ఎంతో చెప్పగలదే తప్ప హామీ ఇవ్వలేదు. మంచి సర్వే చేసే అసలు మేలు ‘ఇక్కడ వేయొద్దు’ అని చెప్పడంలో ఉంది. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని ఏళ్ళ తరబడి అప్పు నుంచి, నిద్రలేని రాత్రుల నుంచి కాపాడుతుంది. అయితే బండి వెళ్ళిపోయాక, ఎండిన గుంత పక్కన మిగిలిన మనిషికి ఆ రాత్రి గడవడానికి ఇంకేదో కావాలి. జ్ఞానం చేసే పని, విశ్వాసం చేసే పని వేరని ఆ గట్టుమీదే తెలుస్తుంది.

3. జ్ఞానం ఇచ్చే శాంతి

జ్ఞానం మొదటగా ఇచ్చేది నిర్భయం. గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్న ఆడవాళ్ళను చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టడం తెలుగునాట పాత ఆచారం. గోరా అన్న పేరుతో ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పారు. 1947లో అది విజయవాడకు మారింది. గర్భిణులను గ్రహణం వేళ బయటికి రమ్మని పిలిచి, బిడ్డకు ఏ కీడూ రాదని ఆ కేంద్రం అందరి ఎదుట చూపింది. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని స్వయంగా నడిచి చూపింది. బొగ్గు నుంచి వేడి చర్మానికి నెమ్మదిగా పాకుతుంది, వడివడిగా నడిచేవాడి పాదం నిప్పును తాకేది క్షణకాలమే. కారణం తెలిసిన భయం మళ్ళీ తిరిగి రాదు. జబ్బుకు చేతబడి కారణం కాదని తెలిసిన ఊళ్ళో పొరుగువాడి మీద పగ పుట్టదు. అది ఒక మనిషికే కాదు, ఊరంతటికీ శాంతి.

అయినా జ్ఞానం ఒక్కటే చాలదని జ్ఞానులే చెప్పారు. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుణ్ణి ఆశ్రయిస్తాడు. వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్ర విద్య అన్నీ చదివానని వరసగా చెప్పి, అయినా శోకం పోలేదంటాడు. మాటలు వచ్చాయి గానీ తన్ను తాను ఎరగలేదని ఒప్పుకుంటాడు. త్యాగరాజు సామ రాగంలో కట్టిన ఒక కృతి కూడా, మనసు శాంతించనిదే వేదాంతికైనా సుఖం లేదన్న భావం చుట్టూ తిరుగుతుంది. సమాచారం పెరగడం వేరు, మనసు తేరడం వేరు. సెల్‌ఫోనులో వాన సూచనను గంటకోసారి చూసే రైతుకు తెలివి పెరగదు, ఆరాటం పెరుగుతుంది. తెలుసుకున్నదానితో చేయదగిన పని ఉన్నంతవరకే తెలివిడి నెమ్మదినిస్తుంది. చేయడానికి ఏమీ లేనిచోట ఆ తెలివిడే మోయలేని బరువవుతుంది.

4. విశ్వాసం ఇచ్చే శాంతి

వానలు వెనకబడిన ఏడు ఊళ్ళలో విరాటపర్వం చదివించడం తెలుగువారి ఆచారం. గుడి ముందు దీపం పెట్టి ఒకరు పద్యం చదువుతుంటే ఒకరు అర్థం చెబుతారు. పొద్దున చేలో దిగాలుగా నిలబడినవాళ్ళు రాత్రి అక్కడ పక్కపక్కన కూర్చుంటారు. రాజ్యం పోయి, పేర్లు మార్చుకుని, ఒకరి కొలువులో వంటవాడిగా, గుర్రాల కాపరిగా ఏడాది గడిపిన పాండవుల కథ అది. గడువు తీరేదాకా ఓర్చుకున్నవాళ్ళ కథను కరువు ఏడాది వినడంలో ఔచిత్యం ఉంది. పారాయణానికి మబ్బు కదులుతుందనడానికి ఆధారం లేదు. కానీ తన కష్టం తన ఒక్కడిదే కాదన్న తెలివిడి, కష్టానికి ఒక గడువుంటుందన్న ఆశ ఆ రాత్రి మనిషికి దక్కుతాయి.

నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకు ముస్లింలు, హిందువులు కలిసే వస్తారు. ఆంజనేయుడి గుడి, పీర్ల చావిడి రెండూ ఆ ఊరి భక్తిలో భాగాలే. పెనుకొండ బాబయ్య దర్గాలోనూ అంతే. గూగూడులో మొక్కు చెల్లించడానికి వచ్చినవాళ్ళు అగ్నిగుండం దగ్గర నిలబడి ఒకరి పిల్లలను ఒకరు ఎత్తుకుంటారు. నిప్పు కాలకపోవడానికి కారణం భౌతికశాస్త్రం చెబుతుంది. ఏడాదంతా మోసిన బరువు అక్కడ దించుకున్న మనిషి మొహంలో కనిపించే తేటదనం ఆ లెక్కలోకి రాదు.

విశ్వాసానికీ హద్దుంది. పంట పోవడం, బిడ్డ జబ్బుపడటం తన పాపానికి శిక్ష అని నమ్మినవాణ్ణి ఆ నమ్మకమే తొలుస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కెనెత్ పార్గమెంట్ ఈ తేడానే విశదం చేశారు: దేవుణ్ణి తోడుగా భావించేవారికి భక్తి బలమవుతుంది, దండించేవాడిగా భావించేవారికి అదే భక్తి కుంగుబాటును పెంచుతుంది. వైద్యం చేయాల్సినచోట మొక్కుతో సరిపెట్టడం ఇంకా ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి వదిలిన మానసిక రోగులు ఒక పాకలో గొలుసులతో కట్టేసి ఉండగా నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఆ విషాదంలో నమ్మకం తప్పు ఎంతో, రోగులను వదిలేసిన సమాజం తప్పూ అంతే.

5. సీమ చెప్పిన జవాబు

ఈ ప్రశ్నను తెలుగులో అందరికన్నా సూటిగా పట్టుకున్నవాడు వేమన. కదిరి దగ్గరి కటారుపల్లిలో ఆయన సమాధి ఉందని జనం నమ్మకం. 1829లో సి.పి. బ్రౌన్ ఆయన పద్యాలను అచ్చువేశాడు. ఈ జిల్లావాడే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కోసం ఇచ్చిన వేమన ఉపన్యాసాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. తాడిపత్రి ప్రాంతానికి చెందిన కె.వి. రెడ్డి 1947లో నాగయ్యతో ‘యోగి వేమన’ సినిమా తీశాడు. జనం చెప్పుకునే కథలో వేమన ముందు బంగారం చేసే విద్య వెంట పడతాడు. సినిమా కథలో ఆ విద్య చేతికొచ్చే వేళకే ప్రాణంగా పెంచుకున్న అన్న కూతురు కన్నుమూస్తుంది. ఏ రసవాదమూ ఆ పసిదాన్ని తిరిగి ఇవ్వలేదు. కథ చారిత్రకమా కాదా అన్నది పక్కన పెడితే, జనం తమ కవికి ఆ కథే కట్టడంలో వాళ్ళ అనుభవం ఉంది.

వేమన పద్యాలు ఎండు చదువునూ, మనసు పెట్టని పూజనూ ఒకే గొంతుతో నిలదీస్తాయి. చదువుకైనా భక్తికైనా లోపలి మాలిన్యం కడగడమే పరీక్ష అని ఆయన తీర్పు. ఇదే సీమలో, మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తన్ను జగద్గురువుగా నిలపడానికి కట్టిన సంఘాన్ని 1929 ఆగస్టు 3న తానే రద్దు చేశాడు. భద్రత కోసం పాకులాడటమే మనసు అలజడికి కారణమని ఆయన జీవితాంతం చెప్పాడు. జ్ఞానమైనా విశ్వాసమైనా దాక్కునే చోటుగా మారితే శాంతినివ్వదన్న విషయంలో ఇద్దరి మాటా ఒకటే.

6. పరిశోధనలు చెప్పేది

అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2019లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, అక్కడ ప్రార్థనా మందిరానికి క్రమం తప్పకుండా వెళ్ళేవారిలో 36 శాతం మంది చాలా సంతోషంగా ఉన్నామన్నారు. మతం ఉన్నా అలా క్రమం తప్పకుండా వెళ్ళనివారిలో, ఏ మతం లేనివారిలో 25 శాతమే అలా అన్నారు. మతం పేరు ఉండటం వల్ల తేడా రాలేదు, నలుగురిలో కలవడం వల్ల వచ్చిందని దీని నుంచి ఊహించవచ్చు. 2010లో లిమ్, పుట్నం అన్న సామాజిక శాస్త్రవేత్తలు ఈ ఊహకు బలమిచ్చారు: తృప్తిని పెంచేది ఆరాధనలో కలిసిన స్నేహితులే. 2011లో డీనర్, టే, మయర్స్ పలు దేశాల సర్వేలను పరిశీలించి, ఆకలి, అభద్రత ఎక్కువగా ఉన్నచోట భక్తులు మిగతావారికన్నా నెమ్మదిగా ఉంటున్నారనీ, బతుకు భద్రంగా ఉన్నచోట ఆ తేడా సన్నగిల్లుతోందనీ కనుగొన్నారు.

కరువుసీమకు ఈ చివరి మాట ముఖ్యం. ఇక్కడి భక్తిని అజ్ఞానమని తీసిపారేసేవారు దాని వెనకున్న అభద్రతను చూడాలి. భక్తి ఉంది కదా అని నీళ్ళు, బీమా, గిట్టుబాటు ధర ఇవ్వకుండా తప్పుకునేవారు ప్రజల ఓర్పును దోచుకుంటున్నట్టే.

7. ఎవరి పని వారిది

మనిషి చేతిలో ఉన్నదాన్ని చక్కదిద్దడం జ్ఞానం పని. చేతిలో లేనిదాన్ని ఓర్చుకునే బలమివ్వడం విశ్వాసం పని. దేవుణ్ణి నమ్మనివారికి ఆ బలం తోటి మనుషుల మీద, విలువల మీద నమ్మకం నుంచి వస్తుంది. గోరా జీవితమే దానికి సాక్ష్యం. ముందు ఒంటెను కట్టేయాలి, ఆ తర్వాతే అల్లా మీద భారం వేయాలి అన్న ఇస్లాం బోధ ఈ వరసనే చెబుతుంది. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగించినప్పుడే మనసు చెదురుతుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి సాగితే అది జబ్బు. దానికి వైద్యం కావాలి. పల్లె ఆసుపత్రిలోనే మానసిక వైద్యం అందించవచ్చని 1980ల్లో బెంగళూరు నిమ్హాన్స్ రుజువు చేసింది పొరుగునున్న బళ్ళారి జిల్లాలోనే. 2022 నుంచి మానసిక సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎండిన బోరు పక్కన కూర్చున్న మనిషికి మొదట కావలసింది పక్కన కూర్చునే ఇంకో మనిషి. ఆ తర్వాత అప్పు లెక్క కట్టి దారి చూపే తెలిసినవాడు. ఆ పైన, మళ్ళీ ముంగారుకు విత్తనం చేతబట్టించే నమ్మకం. ఈ మూడూ దొరికే ఊళ్ళో మనసు నిమ్మళిస్తుంది.