సొంత దేశములో పరదేశి



“పాస్టరుగారూ, ర్యాప్ పాటలు వినవచ్చునా?” అని మా యౌవనస్థుల కూటములో ఒక తమ్ముడు అడిగినాడు. నిజము చెప్పాలంటే, ఆ సంగీతము నా చెవికి రణగొణ ధ్వనే. అయినా వద్దని చెప్పక, జర్మనీ దేశపు సంగతి ఒకటి చెప్పినాను.

1992 ఆగస్టులో రోస్టాక్ పట్టణములో వియత్నామువారు నివసించే భవనానికి దుండగులు నిప్పుపెట్టారు. లోపల నూరుమందికి పైగా ఉన్నారు. బయట ఇరుగుపొరుగువారు నిలబడి చప్పట్లు కొట్టారు! ఆ చప్పట్లే నన్ను ఎక్కువగా బాధించాయి. నవంబరులో మ్యోల్న్ ఊరిలో ఒక టర్కీ కుటుంబపు ఇల్లు తగలబెడితే ఒక అవ్వ, ఇద్దరు బాలికలు చనిపోయారు.

ఆ నవంబరులోనే హైడెల్‌బర్గ్‌కు చెందిన ‘అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ’ బృందము ఒక పాట విడుదల చేసింది. దాని పేరుకు అర్థము ‘సొంత దేశములో పరదేశి’. పాడినవారి కుటుంబాల మూలాలు హైతీ, ఘనా, ఇటలీలలో ఉన్నాయి. వారు మాత్రము జర్మనీ బిడ్డలే. చేతిలో జర్మను పాస్‌పోర్టు ఉన్నా “అసలు నీదే దేశము?” అని అడుగుతారే, అదే వారి వేదన. అక్కడి పౌరసత్వపు చట్టము 1913 నాటిది, రక్తసంబంధమే దానికి ఆధారము. 2000లో గాని అది మారలేదు. మన ఊళ్లలో “మీరేమిట్లు?” అని అడిగించుకున్నవారికి ఆ వేదన వివరించనక్కరలేదు.

చట్టము మారిన ఆ 2000లోనే, జూను నెలలో, డెసావ్ పట్టణపు పార్కులో ఆల్బెర్టో ఆడ్రియానో అనే మొజాంబిక్ దేశస్థుని ముగ్గురు నాజీవాద యువకులు చావగొట్టారు. ఆయనకు ముగ్గురు పిల్లలు. మరుసటి ఏడు నల్లజాతి గాయకులు ‘బ్రదర్స్ కీపర్స్’ పేరిట కూడి ఆయన పేరున పాట పాడారు. ఆ పేరు వినగానే మనకు ఆదికాండములో కయీను దేవునికిచ్చిన జవాబు గుర్తుకు రాదా? వీరు పాటతో ఆగక, బాధితులకు తోడుగా సంఘము పెట్టి, తూర్పు జర్మనీ పాఠశాలలకు వెళ్లి పిల్లలతో మాట్లాడారు.

“అయితే ర్యాప్ మంచిదేనన్నమాట” అన్నాడు తమ్ముడు. ఆగు నాయనా, అన్నాను. 2018 ఏప్రిల్ 12న, యూదులు తమ మృతులను స్మరించుకొనే దినమున, ఆ దేశపు ‘ఎకో’ సంగీత బహుమతి ఇద్దరు ర్యాప్ గాయకులకిచ్చారు. వారి ఆల్బములో ఆష్విట్జ్ బందీల కృశించిన శరీరాలను వేళాకోళము చేసిన మాట ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు వలస కుటుంబపు బిడ్డ. పేరున్న సంగీతకారులు కొందరు తమ పాత బహుమతులు తిరిగి ఇచ్చివేశారు. ఆ నెలలోనే ఆ బహుమతినే రద్దు చేశారు.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “వారు ఆ మాట పాడినప్పుడు స్టూడియోలో ఎవ్వరూ వద్దనలేదా, అయ్యగారూ?” అని అడిగినాడు.