నల్లాకు పట్టిన గార



ఇల్లంతా ఎంత ముచ్చటగా సర్దుకున్నా, స్నానాలగది తలుపు తీసేసరికి మనసు చివుక్కుమంటుంది. నల్లా మూతి చుట్టూ తెల్లటి గార. షవరు చిల్లులు సగం పూడిపోయి ఉంటాయి. బకెట్టు లోపల బూడిదరంగు చార, కమోడులో గోధుమరంగు గీత. మా తిరుమలగిరిలోనే కాదు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడ బోరు నీళ్లు వాడే ఇంటికి వెళ్లినా ఇదే వరస. నలుగురు ఆడవాళ్లు కలిస్తే "ఏం పోస్తే పోతుంది వదినా?" అని ఒకరు అడుగుతారు. "ఏముందీ, కాస్త యాసిడ్ పోసెయ్" అని ఇంకొకరు చెబుతారు. ఆ జవాబు ఎందుకు మంచిది కాదో, దానికి బదులు ఏం చేసుకోవచ్చో ఈవేళ చెప్పుకుందాం.

ముందు ఈ గార ఏమిటో తెలియాలి. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపు రాళ్లలోని సున్నాన్ని కరిగించుకుంటుంది. ఆ నీళ్లే మన బోరులో పైకి వస్తాయి. చెంబులో చూస్తే తేటగానే ఉంటాయి. వేడి తగిలినా, గాలికి ఆరినా కరిగిన సున్నం మళ్లీ రాయిగా మారి అంటుకుంటుంది. మన జిల్లా దక్షిణాన మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వాడే సున్నపురాయీ, మన నల్లా మూతికి పట్టిన గారా ముఖ్యంగా ఒకే పదార్థం. రాయిని సబ్బుతో కడిగితే పోతుందా? పోదు. అందుకే ఎంత తోమినా చేతులు నొప్పిపుట్టడమే తప్ప లాభం ఉండదు.

తాగే నీటి గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం. వేరే నీరు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్ల సంగతి తెలుసుకోవడానికి పరీక్షశాల దాకా పోనక్కరలేదు. సబ్బు నురగ రాకుండా తెట్టులా విరిగిపోతే అవి గట్టి నీళ్లే. సబ్బూ సున్నమూ కలిసి కట్టే ఆ తెట్టే బకెట్లకూ టైల్సుకూ పట్టే జిడ్డు చార.

కనుక మరక రెండు రకాలు. జిడ్డు తెట్టు ఒకటి, రాతి గార ఒకటి. చాలా చోట్ల ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ముందు జిడ్డు వదలాలి. అరబకెట్టు వేడినీళ్లలో రెండు చెంచాల బట్టల సోడా, కాస్త సబ్బుపొడి వేసి, పీచుతో రుద్ది కడిగేయండి. సోడా చేతులను మండిస్తుంది, రబ్బరు తొడుగులు వేసుకోండి. తర్వాత ఒక నిమ్మరసం చుక్క మరకమీద వేసి చూడండి. సన్నటి బుడగలు వస్తే అది సున్నపు గార. దానికి మందు పులుపు.

ఆ పులుపు మన వంటింట్లోనే ఉంది. నిమ్మ ఉప్పు కిరాణా కొట్లో దొరుకుతుంది. అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలపండి. అది లేకపోతే తెల్ల వెనిగరూ నీళ్లూ సమానంగా కలుపుకోవచ్చు. పాత గుడ్డను అందులో తడిపి నల్లా చుట్టూ చుట్టి అరగంట ఉంచండి. తర్వాత పాత పళ్లబ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మెరుగుపూత ఉన్న నల్లాలకు అరగంట మించొద్దు. కావాలంటే మర్నాడు మళ్లీ చేసుకోవచ్చు. పాతకాలపు ఇత్తడి నల్లా అయితే చింతపండు గుజ్జుకు మించినది లేదు.

షవరు విప్పడం రాకపోయినా ఫరవాలేదు. పాలిథిన్ సంచిలో ఆ పుల్లనీళ్లు పోసి, షవరు మొహం మునిగేలా రబ్బరుబ్యాండుతో కట్టండి. తర్వాత గుండుసూదితో చిల్లులు పొడిచి నీళ్లు వదలండి. ప్లాస్టిక్ బకెట్టుకూ చెంబుకూ రాత్రంతా నానబెట్టినా భయంలేదు. కమోడులో బ్రష్షుతో నీటిని లోపలికి తోసి, గీతమీద నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు చల్లి పడుకోండి. తెల్లారి తోమితే చాలావరకు వదులుతుంది. ఏళ్లనాటి గారకు రెండుమూడు రాత్రులు పడుతుంది, ఓపిక పట్టాలి.

నీళ్లు కాచే రాడ్డుకు గార పట్టితే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటూ వృథా. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు చల్లారాక చుట్టను మాత్రమే పుల్లనీళ్లలో నానబెట్టండి, పిడి తడవకూడదు. గీజరు లోపలి పని మాత్రం ఎలక్ట్రీషియనుకే వదిలేయండి.

ఇక్కడొక జాగ్రత్త. నాపరాళ్లు, షాబాదు బండలు, పాలరాయి, మొజాయికు, ఇవన్నీ సున్నం కలిగినవే. గారను కరిగించే పులుపు ఆ నేలనూ కరిగిస్తుంది, నునుపు పోయి గరుకు తేలుతుంది. అటువంటి నేలకు వట్టి సబ్బునీళ్లే వాడండి.

ఇప్పుడు యాసిడ్ మాట. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గారను చిటికెలో కరిగిస్తుంది, నిజమే. నల్లా పూతను, స్టీలును, టైల్సు మధ్య సిమెంటును కూడా తింటుంది. దాని పొగ గొంతునూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. మరీ ప్రమాదం ఏమిటంటే, యాసిడ్ పోసిన చోటే "ఇంకా తెల్లగా అవుతుంది" అని బ్లీచింగ్ పౌడర్ చల్లడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో సైనికులమీదికి వదిలిన విషవాయువు అదే. కిటికీ లేని చిన్న గదిలో ఆ పొగ ఎంత పని చేస్తుందో ఊహించుకోండి. నిమ్మ ఉప్పు, వెనిగరు కూడా బ్లీచింగుతో కలపరాదు. ఘాటు తగిలితే కడుగుతూ నిలబడకండి, వెంటనే గాలిలోకి రండి. ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

యాసిడును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దాహమేసిన పిల్లవాడికి ఆ సీసా ఏమని చెబుతుంది? ఒకవేళ మింగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి కడిగి, డాక్టరుకు చూపించండి. యాసిడ్ కొట్లలో ఇష్టం వచ్చినట్టు అమ్మకూడదని, కొన్నవారి వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్ల లోపువారికి ఇవ్వరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆడవాళ్ల మొహాలమీద చల్లిన యాసిడ్ గురించి వచ్చిన తీర్పు. అంతటి వస్తువు మన గూట్లో చీపురు పక్కన ఉండాలా?

ఇంకొక మాట. మనం ముట్టడానికి భయపడి, ఆ సీసాను పనమ్మాయి చేతికి ఇచ్చి బయట నిలబడతాం. ఆమె చేతులకు తొడుగులుండవు, కాళ్లకు చెప్పులుండవు. వేళ్లు పగిలినా మనతో చెప్పదు, చెబితే పని పోతుందేమోనని. ఆమె చెయ్యీ చెయ్యే కదా! నిమ్మ ఉప్పుతో ఓ రాత్రి ఆలస్యమైతే మనకు పోయేదేమీ లేదు.

చివరగా, గార పోయిన నల్లాను చూసి నీళ్లు మంచివైపోయాయి అనుకోవద్దు. మన పాత నల్లగొండ జిల్లాను పట్టి పీడించిన ఫ్లోరైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నీళ్లు కాస్తే గార దిగుతుంది కానీ ఫ్లోరైడు పోదు. సున్నం, పటిక వేసి దాన్ని తగ్గించే ఉపాయానికి నాగపూరులోని నీరీ శాస్త్రవేత్తలు 1970లలో పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. కనుక బోరు నీళ్లు స్నానానికి వాడుకోండి. తాగడానికీ వంటకూ పరీక్ష చేయించిన నీళ్లు, శుద్ధిచేసి పంపే నల్లా నీళ్లే పట్టుకోండి.

గార మళ్లీ పట్టకుండా ఉండాలంటే చుక్క నిలవకూడదు. కారే నల్లాకు వాషరు మార్పించండి. రాత్రి ఆఖరున స్నానం చేసినవాళ్లు నల్లానూ గోడనూ ఓ పొడిగుడ్డతో తుడిచి రావాలని ఇంట్లో నియమం పెట్టండి. మగపిల్లలకైనా సరే, ఆ గుడ్డ పట్టడం నేర్పండి. రెండు నిమిషాల పని, నెలరోజుల తోముడు తప్పుతుంది.