పలువరుసను గూర్చి తల్లిదండ్రులతో నాలుగు మాటలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



తరగతిలో మేము తరచుగా చూచునది ఒకటి కలదు. పాఠము చక్కగా వచ్చిన బిడ్డయే లేచి చదువుమన్నప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. తోటివారు ఎత్తుపళ్ళని వెక్కిరింతురన్న భయమే అందులకు కారణము. ముందుపండ్ల నడుమ సందు మిగిలిన కొందరికి 'స'కారము తిన్నగా పలుకదు. కాబట్టి పలువరుస అందమునకు మాత్రమే చెందినది కాదు. మన బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో అనేకులు ఆడపిల్లకు పెండ్లిచూపులు దగ్గరపడినప్పుడు గాని దీనిని తలపరు. బాల్యముననే తలపవలెననియు, మగపిల్లవానికిని ఇది అవసరమేననియు చెప్పుట మా ఉద్దేశము. మీరు మమ్ము అడుగుచుండు ప్రశ్నలకే సమాధానములు చెప్పెదము.

ఏ వయస్సున చూపవలెను? పాలపండ్లు 20, స్థిరదంతములు 32. సుమారు 6వ యేట, పాలపన్ను ఏదియు ఊడకయే, వెనుకవైపున 4 పెద్ద దవడపండ్లు వచ్చును. వీనిని పాలపండ్లని తలచి పలువురు పుచ్చనిత్తురు. అవి పోయినచో మరల రావు. 7 ఏండ్లకు ఒకమారు దంతవైద్యునికి చూపుట మేలు. చూపినంతనే తీగ కట్టరు. పెక్కుమందికి 12, 14 ఏండ్ల నడుమ చికిత్స మొదలగును. కాని వ్రేలు చీకుట, నోటితో గాలి పీల్చుట వంటివానికి ముందే ఉపాయము చేయవచ్చును. పాలపన్నే కదా యని ఉపేక్షింపరాదు. అది వేళకు ముందే పోయినచో ప్రక్కపండ్లు ఒరిగి, క్రొత్తపన్నునకు చోటు చాలదు.

ఏయే మార్గములున్నవి? చిన్న సవరణలకు తీసి పెట్టుకొను ప్లేటు. పెద్ద వంకరలకు పంటికి బ్రాకెట్లు అంటించి కట్టు తీగ. కొందరికి పారదర్శకమైన తొడుగులు. అన్నిటి సూత్రము ఒక్కటే. మెల్లగా, విడువక ఒత్తిడి కలిగించినచో, పన్ను జరుగువైపున ఎముక కరగి, వెనుకవైపున క్రొత్త ఎముక ఏర్పడును. అందుచేతనే సాధారణముగా ఏడాదిన్నర మొదలు రెండేండ్లు పట్టును. తొందరపెట్టరాదు. తీగ తీసిన పిదప పండ్లు తొల్లిటి చోటికి పోజూచును గనుక, వైద్యుడు చెప్పినంతకాలము నిలుపుడు ప్లేటు పెట్టుకొనవలెను. దీనిని మానినవారి శ్రమ వ్యర్థమగును.

నొప్పి కలుగునా? తీగ బిగించిన తరువాత కొలదిదినములు సలుపుండును, పిదప తగ్గును. పన్ను తీసినచో కంటిచూపు మందగించునా? మందగించదు, ఇది వట్టి అపోహ. చోటు చాలనప్పుడు మాత్రమే వైద్యులు పన్ను తీయింతురు. వయస్సు మీరినదా? పెద్దలకును పండ్లు సరిచేయవచ్చును. అయితే దవడ ఎదుగుదల ముగిసిన పిమ్మట దవడలోని లోపమును సవరించుట కష్టతరము.

చికిత్సతో పసుపు మరకలు పోవునా? పోవు. మన గ్రానైటు నేలలోని అనేక బోరుబావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నది. ఈ వ్యాధి మన దేశమున 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము మేర మంచిది; వేరు నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతింతురు. పంటి పింగాణి సుమారు 8 ఏండ్లలోపున చిగురు లోపలనే తయారగును. కావున మంచినీరు పసితనము నుండియే ఇయ్యవలెను. కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. మరకలు మిక్కుటమైన పంటిపై బ్రాకెట్టు గట్టిగా అంటక ఊడుట ఎక్కువ. మీ ఊరి నీటి సంగతి వైద్యునికి ముందుగనే తెలుపుడు.

ఖర్చును గూర్చి భయపడువారు 1958లో బెంగళూరున స్థాపింపబడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో విచారింపవచ్చును. అక్కడ కన్నడము రాదని సంకోచింపక, తెలిసిన మాటలతోనే మీ సందేహములన్నియు అడుగుడు.

తరగతిలో వెక్కిరింతలు మాన్పుట మా బాధ్యత. వేళకు బిడ్డను వైద్యునికి చూపుట మీ బాధ్యత. రెండును నెరవేరిననాడు మన పిల్లలు నోటికి అడ్డము పెట్టిన చేయి తీసి, నిండుగా తెలుగు చదువుదురు.