కాంగోలో మూతపడిన రేడియో

ఇరుగింట అన్నదమ్ములు కొట్టుకొనుచుండగా అడ్డుపడుట ఎంత చిక్కైన పనియో మన మెఱుగుదుము. విడదీయ వచ్చినవాడు ఒకని చేతులు పట్టుకొన్నచో రెండవవాడు అదను చూచి కొట్టును. దేశముల నడుమ ఐక్యరాజ్యసమితికి ఇట్టి యనుభవమే 1960లో కాంగోయందు కలిగినది.

ఆ సంవత్సరము జూన్ 30న కాంగో బెల్జియము పాలననుండి విముక్తమైనది. విస్తీర్ణమున అది భారతదేశములో మూడింట రెండు వంతులకు మించినది. రాగి, కోబాల్టు, వజ్రములు గల నేల. కాని అచ్చటి పట్టభద్రులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. సైన్యమున స్వదేశీయుడైన అధికారి ఒక్కడును లేడు. జూలై 5న బెల్జియను సేనాపతి భటులను సమావేశపఱచి, స్వాతంత్ర్యమునకు ముందును తరువాతయు ఒక్కటే యని నల్లబల్లపై వ్రాసి చూపెను! భటులు తిరుగబడిరి. తనవారి రక్షణ మను పేరున బెల్జియము సేనలను దింపినది. గనులకు నెలవైన కటంగా 11వ తేదీన వేఱుపడినట్లు ప్రకటించినది. అధ్యక్షుడు కసవుబు, ప్రధాని లుముంబా ఇరువురును కలిసి సమితికి తంతి నిచ్చిరి. 14న భద్రతామండలి తీర్మానించెను. మఱునాడే మొదటి దళములు దిగినవి.

వచ్చిన సేనలు ఆత్మరక్షణకు దక్క తుపాకి పేల్చరాదు. అంతఃకలహములందు పక్షము వహింపరాదు. కటంగాను లొంగదీయుడని లుముంబా కోరగా, అది దేశీయ వివాదమని ప్రధాన కార్యదర్శి హమ్మర్‌షెల్డ్ నిరాకరించెను.

సెప్టెంబరు 5న అధ్యక్షుడు ప్రధానిని తొలగించితినని రేడియోలో చాటెను. ఆ రాత్రియే ప్రధానియు రేడియోకు వచ్చి, తొలగింపబడినవాడు అధ్యక్షుడే యనెను. అల్లరులు రేగునను భయముతో సమితి అధికారులు విమానాశ్రయములను, ఆ వెంటనే లియోపోల్డ్‌విల్ రేడియోను మూసివేసిరి. మూత ఇరువురికిని సమానమే. కాని నది కావలి యొడ్డున బ్రజావిల్‌లో అధ్యక్షుని మిత్రుల రేడియో కలదు. ఆయన మాట అందుండి వినబడుచునే యుండెను. లుముంబాకు మాత్రము నోరు కట్టినట్లయ్యెను. వాక్కే ఆయన బలము. రేడియో చెంత కూర్చుండి వినుచున్న మనకు దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱ లేదు. సమితి అధికారులకు దురుద్దేశము గలదని మే మనము. తమ పని యెవరికి మేలుచేయునో వారు చూడలేదని మాత్రము అనకతప్పదు.

సమితి భటులు కాచుచున్న తన యింటినుండి నవంబరు 27న తప్పించుకొని పోయిన లుముంబా దారిలో పట్టువడెను. 1961 జనవరి 17న ఆయనను కటంగాలో చంపిరి. సమితిని పిలిచిన ఇరువురిలో ఆయన యొకడు.

ఫిబ్రవరి 21న గాని, అంతర్యుద్ధము నాపుటకు కడపటి యుపాయముగా బలము ప్రయోగింపవచ్చునని భద్రతామండలి అనలేదు. అప్పుడు భారతదేశము ఒక బ్రిగేడును పంపినది. సెప్టెంబరు 18న హమ్మర్‌షెల్డ్ ఎండోలా చెంత విమానము కూలి మరణించెను. డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో గూర్ఖాదళపు కెప్టెను గురుబచన్ సింగ్ సలారియా, తనవారికన్న అనేక రెట్లున్న శత్రువులపై పడి ప్రాణము లిచ్చెను. ఆయనకు మరణానంతరము పరమవీర చక్ర మొసగబడినది. కటంగా 1963 జనవరిలో లొంగినది.

సమితి సేనలు 1964 జూన్ 30న కాంగోను వీడినవి. అప్పటికే తూర్పు ప్రాంతములలో మఱియొక తిరుగుబాటు రగులుచుండెను. 1999లో సమితి మరల అచ్చటికి మనుష్యులను పంపవలసివచ్చినది. అటుపిమ్మట వెళ్లినవారిలో భారతీయ సైనికులును కలరు.